వారం రోజుల సభలు: ఆట ముందా, మాట ముందా?

తంతితపాలా | సోమవారం, రాత్రి 9:20

రిటైరయ్యాక ఊళ్ళో ఎక్కడ మైకు మోగినా వెళ్ళి కూచోవడం నాకు అలవాటైపోయింది. పోయిన వారం మా ఊరి యూనివర్సిటీలో ఆరు రోజులు సభలు పెట్టారు. పొద్దున ప్రసంగాలు, సాయంత్రం కళలు. యూనివర్సిటీ పేరు మాత్రం రాయను. రాస్తే నాలుగో జవాబుకల్లా చర్చ వీసీ గారి మీదికీ, పదో జవాబుకి కులాల మీదికీ పోతుంది.

ఆరు రోజులూ వెళ్ళాను. మొదటి రోజు సంగతి చెప్పడానికేమీ లేదు. జ్యోతి, శాలువాలు, భోజనం. రెండో రోజు పదకొండింటికి తోలుబొమ్మలాట మీద ప్రసంగం. వక్త బాగా చదువుకున్నాయన. పాల్కురికి సోమనాథుడి కాలానికే చీర తెర వెనక బొమ్మలాడించేవారట. పాటలకి రంగనాథ రామాయణం ద్విపద ఎలా ఆధారమో చెప్పారు, మేకతోలుని పారదర్శకంగా ఎలా చేస్తారో చెప్పారు. తెర మీద ఒక్కో బొమ్మ ఫొటో వస్తూ ఉంది. నా పక్కన తలపాగా పెద్దాయన ఒకడు మెల్లిగా "అది సీత కాదు బాబూ, మండోదరి" అన్నాడు. మీరెవరండీ అనడిగితే, సాయంత్రం ఆడబోయే మేళానికి పెద్ద. పొద్దున్నే బస్సు దిగి, ఎక్కడ కూచోవాలో ఎవరూ చెప్పకపోతే హాల్లోకి వచ్చి కూచున్నాడట. గంటంపావు ప్రసంగంలో ఆయన్ని ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు. ఆయన అక్కడున్నట్టే ఎవరికీ తెలీదు.

సాయంత్రం ఆటకి నలభై నిమిషాలిచ్చారు. లంకాదహనం సగంలో ఉండగా ముఖ్య అతిథి గారికి రైలు టైమైందని ఆపేసి శాలువా కప్పారు. తోక అంటుకున్న హనుమంతుడు తెర మీద అలాగే ఉన్నాడు పాపం.

నా ప్రశ్న ఒక్కటే. ముందు రోజు సాయంత్రం ఆట, మర్నాడు పొద్దున మాట పెడితే వచ్చే నష్టమేమిటి? ఆట చూసినవాడికి అడగడానికి ప్రశ్నలుంటాయి. ఆ పెద్దాయన కూడా వేదిక మీద ఉంటాడు.

---

సుద్దముక్క | సోమవారం, రాత్రి 10:05

తపాలా గారూ, ఆ మేళం పెద్దకి జరిగింది తప్పే, వాదన లేదు. కానీ మీ సూత్రం అన్ని చోట్లా పనికిరాదు. ముప్ఫై మూడేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి కదా, మాట వెనక్కి పోవాలంటే కొంచెం నొప్పిగానే ఉంటుంది.

మా కాలేజీలో ఓసారి ముందుమాట లేకుండా పేరిణి నాట్యం పెట్టించాం. ఐదు నిమిషాలకి పిల్లలు కసరత్తులు చూస్తున్నట్టు చూశారు, వెనక వరసలో ఈలలు. రెండేళ్ళ తర్వాత మళ్ళీ పెట్టినప్పుడు నేనే అరగంట మాట్లాడాను. కాకతి గణపతిదేవుడి గజసేనాని జాయప పదమూడో శతాబ్దంలో నృత్తరత్నావళి రాశాడు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి స్తంభాల మీద, ద్వారాల పక్కన ఆ భంగిమలున్నాయి. నడుమ ఆట ఆడేవాళ్ళు లేకుండా పోయారు. నటరాజ రామకృష్ణ గారు ఆ గ్రంథాన్నీ ఆ రాతినీ పక్కపక్కన పెట్టుకుని, మగవాళ్ళ ఒళ్ళు అలా ఎలా తిరిగి ఉంటుందో ఏళ్ళ తరబడి వెతికి మళ్ళీ నిలబెట్టారు. ఇది చెప్పాక అదే పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. ఆ వంపు గుడి గోడ మీదిదని వాళ్ళకి తెలుసు మరి.

తోలుబొమ్మలాట కుటుంబాల్లో తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. పేరిణి పుస్తకం నుంచి, రాతి నుంచి వచ్చింది. రెంటికీ ఒకే వరస ఎలా కుదురుతుంది?

---

అనంత_ఎండ | సోమవారం, రాత్రి 10:48

సార్, మాది ధర్మవరం తట్టు. నిమ్మలకుంట మా ఊరికి దగ్గరే. 2020లో పద్మశ్రీ వచ్చిన దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. మా చిన్నప్పుడు వానలు పడకపోతే ఊళ్ళో చందా ఎత్తి ఆట ఆడించేవాళ్ళు. రాత్రి తొమ్మిదికి మొదలైతే కోడి కూసేదాకా. మా అవ్వ దుప్పటి, వేయించిన శనక్కాయలు తీసుకుని పోయేది. నేను సగం నిద్ర, సగం యుద్ధం.

ఒక మాట చెప్తా. ఏ ప్రసంగంలోనూ కేతిగాడు, బంగారక్క సరిగా రారు. "హాస్య పాత్రలు" అని ఒక్క ముక్కతో దాటేస్తారు. ఆటకి ప్రాణం వాళ్ళే సామీ. రాముడి కథ అందరికీ తెల్సు. కేతిగాడు ఈరోజు ఎవుర్ని తిడతాడో తెలీదు. సర్పంచినీ, వడ్డీ వ్యాపారినీ, పక్కూరి పూజారినీ, అందరినీ ఆ తోలుబొమ్మ నోటితో అనిపిస్తారు. అవి ఇక్కడ రాస్తే మోడరేటర్ అన్న తీసేస్తాడు. యూనివర్సిటీలో అంటే కేతిగాని మీద ఎంక్వయిరీ కమిటీ వేస్తారు. నలభై నిమిషాలంటే ముందు కోసేది వాళ్ళిద్దర్నే.

ఇప్పుడు నిమ్మలకుంటలో ఎక్కువ మంది తోలుతో దీపాల షేడ్లు చేసి ఎగ్జిబిషన్లలో అమ్ముతున్నారు. చేతి పని అదే, రంగులూ అవే, కూడు పెడుతోంది. తప్పు పట్టలేం. కాని షేడు మాట్లాడదు కదా.

---

ఆరో_ఏడు | మంగళవారం, ఉదయం 7:31

నేను పీహెచ్‌డీలో ఆరో ఏడు. ఇలాంటి వారాలకి మూడుసార్లు వాలంటీర్‌గా పనిచేశాను, మీరు చెప్పిన చోట కాదులెండి. లోపలి సంగతి కొంచెం చెప్తాను బాబాయ్ గారూ, కోపం తెచ్చుకోకండి.

మా దగ్గర ప్రసంగాలకి ఒక పద్దు, కళలకి వేరే పద్దు. సంతకాలు పెట్టేవాళ్ళు కూడా వేరు. పొద్దున కమిటీకి సాయంత్రం ఎవరొస్తున్నారో తెలీదు, సాయంత్రం కమిటీకి పొద్దున ఎవరు ఏం చెప్పారో అక్కర్లేదు. మీ మేళం పెద్ద హాల్లో ఉన్నాడని ఎవరికీ తెలియకపోవడం నాకేమీ వింతగా లేదు.

పైగా మాకు కావలసింది న్యాక్ (యూనివర్సిటీలకి, కాలేజీలకి గ్రేడిచ్చే సంస్థ) ఫైల్లోకి ఫొటోలు. జియోట్యాగ్ ఉండాలి, బ్యానర్ కనపడాలి, కుర్చీలు నిండి ఉండాలి. తోలుబొమ్మలాట అంటే హాలంతా చీకటి. "చీకట్లో ఫొటో ఎలా వస్తుందమ్మా, ఒక లైట్ వేసి ఉంచండి" అని మా మేడమ్ నాతోనే అన్నారు. వేసి ఉంచాను. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

పిల్లలు మధ్యాహ్నం దాకా ఉండేది హాజరు కోసం, సర్టిఫికెట్ కోసం. ఫీడ్‌బ్యాక్ ఫారం నింపగానే మెయిల్‌కి సర్టిఫికెట్ వస్తుంది. అది వచ్చాక హాల్లో వినపడేది ఏసీ చప్పుడే. కానీ సాయంత్రం ఎవరూ రమ్మనకపోయినా హాస్టల్ నుంచి చెప్పులేసుకుని వచ్చేస్తారు. అందుకే మీ ఆలోచన నాకు నచ్చింది. రాత్రి ఇష్టంతో వచ్చినవాళ్ళలో పదిమందైనా పొద్దున కూడా ఇష్టంతో వస్తారు.

సుద్దముక్క మేష్టారూ, పేరిణి విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటాను. అరగంటతో సరిపెట్టారు కాబట్టి.

---

మైక్‌సెట్ | మంగళవారం, ఉదయం 8:15

ఇరవై రెండేళ్ళుగా సౌండూ లైటూ పెడుతున్నా. పండితుల గొడవ నాకు తెలీదు. నాకు తెలిసింది చెప్తా.

తోలుబొమ్మలాటకి వేదిక మీద కార్పెట్ పరిస్తే సగం ఆట చచ్చినట్టే. బొమ్మలాడించేవాళ్ళు కాళ్ళ కింద చెక్క పలకలు వేసుకుంటారు. యుద్ధం వచ్చినప్పుడు వాటి మీద తొక్కుతారు. ఆ ధడధడ లేకపోతే రావణుడు వచ్చినా, పిల్లి వచ్చినా ఒకటే. తెర నిటారుగా కట్టకూడదు, పైభాగం కొంచెం జనం వైపు వాలాలి. అప్పుడు బొమ్మ తెరకి ఒరిగి అంటుకుని ఉంటుంది, రంగు చిక్కగా కనపడుతుంది. బొమ్మ తెరకి దూరం జరిగితే మసక. కావాలనే అలా జరిపి మాయలు చేస్తారు కూడా. వెనక దీపం ఒకప్పుడు ఆముదంది, ఇప్పుడు బల్బు. తెల్ల ఎల్‌ఈడీ మాత్రం పెట్టొద్దు, తోలు శవంలా కనపడుతుంది. పాత పసుప్పచ్చ బల్బే పెట్టండి.

ఆడిటోరియం వాళ్ళు చేసే ఇంకో తప్పు, పాడే ఒక్కాయనకి కాలర్ మైకు పెట్టడం. ఆయన పక్కన తాళం, మద్దెల, ఇంట్లో ఆడవాళ్ళ వంతపాట అన్నీ ఉంటాయి. తెర వెనక పైనుంచి రెండు మైకులు వేలాడదీస్తే చాలు. ఎవరూ అడగరు. అడిగితే చెప్తాం.

---

నకాషీ_నీలం | మంగళవారం, మధ్యాహ్నం 1:40

మాది సిద్దిపేట జిల్లా. తపాలా సారు చెప్పిన మండోదరి ముచ్చట సదివి నవ్వొచ్చింది, బాధ కూడ అయింది.

చేర్యాల పటం మీద గిసొంటి సభల్నే ఓ ప్రసంగం విన్న. ముప్ఫై నలభై అడుగుల పటాన్ని ఒక్క స్లైడుల పెట్టి "ఇది కథనాత్మక చిత్రం" అన్నడు వక్త. గదే నాకు మింగుడు పడలే. పటాన్ని అట్ల చూడరు. చుట్టి ఉంటది. కథ చెప్పేటాయన ఒక్కో అర విప్పుకుంట, పుల్లతోని చూపిచ్చుకుంట పోతడు. రేపటి కథ చుట్టలనే ఉంటది. ముందుగాల ఏం రానున్నదో జనానికి కనపడొద్దు. అంతా ఒక్కసారి చూపిస్తే ఇంక కథెక్కడిది?

ఇంకోటి. పటం గీసేది నకాషీలు, చెప్పేది వేరేటోళ్ళు, చెప్పించుకునేది ఇంకో కులం. డక్కలోళ్ళు మాదిగలకు జాంబపురాణం చెప్తరు. కూనపులోళ్ళు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్తరు. సభకు మాత్రం గీసేటాయన్నే పిలుస్తరు, ఎందుకంటే ఆయన దగ్గర అమ్మకానికి చిన్న పటాలుంటయి, వాటిని అతిథులకు జ్ఞాపికలియ్యొచ్చు. చెప్పేటాయన దగ్గర గొంతే ఉంటది. దానికి ఫ్రేము కట్టియ్యరాదు.

ఇగ ఆట ముందా మాట ముందా అంటే, పటం కథల రెండూ ఒక్కటే గద. విడదీసింది మనమే.

---

శేరిలింగంపల్లి_షటిల్ | మంగళవారం, రాత్రి 8:55

నీలం గారి చివరి మాటకి వందసార్లు అవును.

మా ఇంటికి ఆటోలో పది నిమిషాల దూరంలో సురభి కాలనీ ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి పూనికతో కీచకవధతో మొదలైన సంప్రదాయం అది. కుటుంబం మొత్తం నాటకమే. అప్పట్లోనే ఆడ వేషాలు ఆడవాళ్ళే కట్టడం ఒక విశేషం. నేను మాయాబజార్ మూడుసార్లు చూశాను. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వెళ్ళేటప్పుడు యాభై ఏళ్ళ నేను కూడా చప్పట్లు కొట్టాను. ముందు ఎవరైనా వచ్చి "ఇది దారాలతో చేస్తారు" అని ప్రసంగించి ఉంటే వాణ్ణి కొట్టేవాణ్ణి.

కానీ ఆట అయ్యాక ఒకసారి లోపలికి వెళ్ళనిచ్చారు. పైన దూలాలు, దారాలు, చుట్టి కట్టిన తెరలు. ఇందాక కృష్ణుడుగా ఉన్న కుర్రాడు నిచ్చెనెక్కి దారం విప్పుతున్నాడు. ఏ దారం ఏ లడ్డూదో చూపించాడు. పదిహేను నిమిషాలు. నా జీవితంలో విన్న మంచి ప్రసంగాల్లో అదొకటి. కుర్చీలు లేవు, అధ్యక్షుడు లేడు, వందన సమర్పణ లేదు.

యూనివర్సిటీ వాళ్ళకి నా మనవి. మాట అంటే పోడియమే అనుకోకండి. ఆట అయ్యాక తెర వెనక్కి పదేసి మందిని పంపండి చాలు.

---

గట్టుమీద (మోడరేటర్) | మంగళవారం, రాత్రి 9:30

ఏ యూనివర్సిటీయో కనిపెట్టే పోటీ పెట్టిన ఇద్దరి జవాబులు తీసేశాను. తపాలా గారు ముందే చెప్పారు కదా. కేతిగాడి జోకులు పంపిన మిత్రుడికి: చదివి నవ్వుకున్నాను, తర్వాత తీసేశాను.

---

వాల్తేరు_గాలి | మంగళవారం, రాత్రి 10:20

పద్దులు వేరు, సంతకాలు వేరు అని ఆ అమ్మాయి రాసింది చదివాక మా పాత సంగతి గుర్తొచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. 1931 నుంచి 36 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వైస్ ఛాన్సలర్. ఆయన కాలంలోనే, 1933లో, రవీంద్రుడు వచ్చి ప్రసంగాలిచ్చాడు. తర్వాత అవి చిన్న పుస్తకంగా అచ్చయ్యాయి కూడా. పెద్ద వక్తలకి ఏనాడూ లోటు లేదు.

నాకు ముచ్చటేసేది అది కాదు. అదే విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రార్‌గా పనిచేసిన కూర్మా వేణుగోపాలస్వామి గారికి నాటకం పిచ్చి. గ్రంథాలయం చూసుకున్న అబ్బూరి రామకృష్ణారావు గారు కవి, నాటక ప్రయోక్త, నటాలి అని సంస్థే పెట్టారు. అంటే ఫైలు మీద సంతకం పెట్టే మనిషి, పుస్తకం ఇచ్చే మనిషి సాయంత్రానికి నాటకం దగ్గర ఉండేవారు. అప్పుడు రెండు కమిటీలెందుకు? పొద్దుటి మనిషే సాయంత్రం మనిషి. ఆరుబయట రంగస్థలం ఉన్న క్యాంపస్‌లో చదువుకున్నాను కనక చెప్తున్నా, సముద్రం గాలికి డైలాగ్ సగం ఎగిరిపోయినా, ఏసీ హాలు కన్నా అదే నయం.

---

తంతితపాలా | బుధవారం, ఉదయం 6:10

ఇన్ని జవాబులొస్తాయని అనుకోలేదు. సుద్దముక్క గారూ, పేరిణి దగ్గర నా సూత్రం వంగుతుంది, ఒప్పుకున్నాను.

అవధానం సంగతి చెప్పడం మరిచాను. ఐదో రోజు అష్టావధానం. పొద్దుట ప్రసంగం లేదు, వక్తకి జ్వరమట. అదే మంచిదైంది! అవధాని గారు పద్యం మొదలుపెట్టే ముందు రెండు నిమిషాల్లో ఎనిమిదిమంది పృచ్ఛకుల, అంటే ప్రశ్నలడిగేవాళ్ళ, పనేమిటో చెప్పారు. నిషిద్ధాక్షరి వారు ఒక్కో అక్షరానికి అడ్డం పడుతుంటే ఇంజనీరింగ్ పిల్లలు క్రికెట్ చూస్తున్నట్టు చూశారు. అవధాని తప్పించుకున్నప్పుడల్లా ఈలలు. గంట కొట్టినప్పుడల్లా ఒక కుర్రాడు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు, ఆఖర్న అవధాని చెప్పిన లెక్కతో సరిపోయేసరికి లేచి నిలబడ్డాడు. మధ్యలో సంబంధం లేని ప్రశ్నలేసే అప్రస్తుత ప్రసంగి "మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు" అని అడిగితే మా ఆవిడ నా వంక చూసింది. ఆ చూపు గురించి ఇక్కడ రాయను.

పద్యాల్లో సగం నాకే అర్థం కాలేదు. పిల్లలకి ఎంత అర్థమైందో దేవుడికెరుక. కానీ ఎవరూ లేవలేదు. ఆట నియమం తెలిస్తే చాలు, మిగతాది దానంతట అదే పట్టుకుంటుందేమో. అంటే మాట ముందు రెండు నిమిషాలే, మిగతా మాటంతా తర్వాత.

---

సుద్దముక్క | బుధవారం, ఉదయం 9:02

రెండు నిమిషాలంటే తెలుగు లెక్చరర్‌కి గొంతు సవరించుకోవడానికే చాలదు మహాప్రభో. పది ఇవ్వండి.

---

మ్యాడిసన్_మంచు | బుధవారం, ఉదయం 11:47

ఇక్కడ అమెరికాలో, మ్యాడిసన్‌లో ఏటా అక్టోబరులో దక్షిణాసియా సదస్సు జరుగుతుంది. వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాల పాటు తెలుగు చెప్పిన విశ్వవిద్యాలయం మాది, అందుకని తెలుగు మీద ఒకటో రెండో పత్రాలు తప్పకుండా వెతుక్కుంటాను. ఒక్కో పత్రానికి ఇరవై నిమిషాలు, గంట కొట్టి ఆపేస్తారు, ఎంతటివారినైనా. వక్తలకి అది అన్యాయంగా అనిపించినా, వినేవాళ్ళకి వరం. ప్రశ్నలకి సమయం మిగులుతుంది.

కాకపోతే చలికి దుప్పటి కప్పుకుని చూసే ఆట ఇక్కడ లేదు. చలి మాత్రం కావలసినంత ఉంది. అనంతపురం అన్న శనక్కాయల సంగతి రాసి పుణ్యం కట్టుకున్నారు, ఇక్కడ నాకు నిద్ర పట్టడం లేదు.

---

ఆరో_ఏడు | గురువారం, సాయంత్రం 6:25

అందరికీ ఒక వార్త. ఈ చర్చని ప్రింటు తీసి (మోడరేటర్ గారూ, పేర్లు చెరిపేశాను) మా మేడమ్ టేబుల్ మీద పెట్టాను. చీకటి, లైటు ముక్క దగ్గర ఆగారు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఫొటో ఆట అయ్యాక, దీపాలు వేసి, మేళంతో కలిపి తీద్దాం" అన్నారు.

వచ్చే మార్చిలో మాకు వారం ఉంది. ప్రణాళిక ఇదీ. సోమవారం రాత్రి ఏడింటికి తోలుబొమ్మలాట, ముఖ్య అతిథి లేకుండా, మూడు గంటలు. తెల్లవార్లూ అడిగాను, హాస్టల్ వార్డెన్ ఒప్పుకోలేదు. ఇద్దర్నీ, అంటే కేతిగాణ్ణీ బంగారక్కనీ, కోయొద్దని రాతపూర్వకంగా రాయించాను. మంగళవారం పొద్దున వక్త, మేళం పెద్ద ఒకే బల్ల దగ్గర. వక్త స్లైడ్లు ముందు రాత్రే మేళానికి చూపించాలి. మండోదరి కోసం.

రెండు పద్దుల గొడవ ఇంకా తేలలేదు. రాత్రి ఆటకీ పొద్దుటి మాటకీ మేళం పెద్దకి రెండు వేర్వేరు రశీదులు రాయాలట, ఒకదాంట్లో కళాకారుడు, ఇంకోదాంట్లో రిసోర్స్ పర్సన్. సరే, రెండూ రాస్తాను. రెండింటికీ డబ్బొస్తుంది కదా.

ఇక కావలసినవి చెక్క పలకలు. వేదిక మీద కార్పెట్ తీయడానికి ఒప్పుకున్నారు, కింద సిమెంటు. మైక్‌సెట్ అన్నా, ఎన్ని కావాలి? ఎంత మందం?

---

మైక్‌సెట్ | గురువారం, రాత్రి 7:10

నాలుగు చాలమ్మా. అంగుళంన్నర మందం, మనిషి పొడుగు. సిమెంటుకి ఆనించొద్దు, కింద రెండు రీపులు వేసి లేపి పెట్టు, అప్పుడు మోగుతుంది. మా గోడౌన్‌లో పాత పెళ్ళి వేదిక బల్లలున్నాయి. టేకు కాదు, వేప. ఒకదానికి మూల విరిగింది, దాన్ని కేతిగాడి వైపు వెయ్యండి. ఊరు పేరు విడిగా మెసేజ్ పెట్టు, లారీ ఏదైనా అటు వస్తుందేమో చూస్తా.